కృష్ణ పక్కనే ఉన్నా ఈ ఎండలేమిటి?

మా ఆడపడుచు ఏటా వేసవిలో షికాగోనుంచి ఫోను చేస్తుంది. ఆవకాయ పెట్టారా, ఎవరి పెళ్ళిళ్ళు కుదిరాయి, అమ్మ ఎలా ఉంది, అన్నీ అయ్యాక ఆఖర్న ఒక ప్రశ్న తప్పకుండా వేస్తుంది. "వదినా, పక్కనే అంత కృష్ణ ఉందిగదా, మీ ఊరు అలా మండిపోతుందేమిటి?" అని. అక్కడికేదో కృష్ణకి కుళాయి తిప్పడం నేనే మరిచిపోయినట్టు! "మీ ఊరు" అనడం గమనించారా? పుట్టిందీ పెరిగిందీ ఈ గవర్నర్‌పేటలోనే అయినా, ఎండలొచ్చేసరికి ఊరు నాదైపోతుంది.

వాళ్ళకేం, ఇంటిపక్కన మిషిగన్ సరస్సు ఉంది. యాభై ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల నీళ్ళు. వసంతకాలంలో అక్కడి వాతావరణం వార్తల్లో ఊరి వేడి ఇంత అని చెప్పి, "సరస్సు దగ్గర ఇంకా చల్లగా ఉంటుంది" అని కలపడం మామూలట. చలికాలమంతా చల్లబడిన ఆ నీళ్ళు వేడెక్కడానికి నెలలు పడతాయి. వాటిమీదుగా వచ్చే గాలి ఒడ్డునున్న వీధుల్ని చల్లబరుస్తుంది.

మరి మనకెందుకు ఆ భాగ్యం లేదూ? చాలా ఏళ్ళు "మన ఖర్మమ్మా" అని తప్పించుకున్నాను. 2015 మే నెలలో మా ఇంట్లో ఒక సంగతి జరిగాక మాత్రం, అలా తప్పించుకోవడం మంచిది కాదనిపించింది. అది చెప్పాలంటే ముందు కృష్ణ సంగతి చెప్పాలి.

మా అత్తయ్యగారు పదహారేళ్ళ కొత్తకోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టింది 1952లో. సరిగ్గా ఆ ఏడే పాత ఆనకట్టకి గండి పడింది. "నేనొచ్చిన వేళావిశేషం" అని ఆవిడే నవ్వుతారు. ఆ ఆనకట్ట సామాన్యమైనది కాదు. 1832, 33లో గుంటూరు సీమని నందన కరువు ఊడ్చిపెట్టేసింది. కృష్ణలో నీళ్ళు పారి సముద్రంలో కలుస్తూనే ఉన్నాయి, ఒడ్డున జనం తిండిలేక చచ్చిపోయారు. ఆ తర్వాతే కృష్ణకి అడ్డుకట్ట వెయ్యాలన్న మాట గట్టిపడింది. ఆర్థర్ కాటన్ పూనికతో, కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తిచేశారు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో రాతికట్ట. దాదాపు నూరేళ్ళు నిలబడింది.

గండి పడ్డాక 1954లో బారేజి పని మొదలైంది. 1957 డిసెంబరు 24న ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు అదే ఏడు మే నెలలో పోయారు. అందుకే ఆయన పేరు పెట్టారు. 1223 మీటర్ల పొడవు, డెబ్భై గేట్లు, దాని వెనక సుమారు మూడు టి.ఎం.సి.ల నీళ్ళు. అంతకుముందు వేసవి వస్తే ఆనకట్ట కింద ఇసుకతిన్నెలే కనిపించేవట. చెలమలు తవ్వి నీళ్ళు తోడుకున్న రోజులు అత్తయ్యగారికి బాగా గుర్తు. అలాంటిది బారేజి ఎగువన ఏడాది పొడుగునా చెరువులా నీళ్ళు నిలిచేసరికి, "ఇంకేం, బెజవాడకి ఎండబాధ తీరింది" అన్నారట ఇరుగుపొరుగు.

"తీరిందా అత్తయ్యగారూ?" అని అడిగితే, "ఏం తీరిందీ! వట్టివేళ్ళ తడికలు విప్పెయ్యమని ఒక్కళ్ళూ అనలేదు" అన్నారావిడ.

ఆ వట్టివేళ్ళ తడికలోనే ఉంది అసలు కిటుకు. నీళ్ళు ఎలా చల్లబరుస్తాయో మన వంటింట్లో చూడండి. ఎసరు మరుగు పట్టడానికి ఎంత వేడి కావాలో, ఆ నీళ్ళన్నీ ఇగిరిపోవడానికి దానికి ఏడు రెట్లు పైన కావాలి. అందుకే మరగడం చప్పున అయిపోతుంది, ఇగరడానికి మాత్రం పొయ్యి దగ్గర పడిగాపులు పడాలి. చెరువుమీద నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు కూడా ఆ వేడంతా ఎక్కణ్ణుంచో తీసుకోవాలి కదా? పైనున్న గాలినుంచీ, కిందున్న నీళ్ళనుంచీ తీసుకుంటాయి. కూజాలో నీళ్ళు చల్లబడేది అందుకే. పైగా నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి, అంతే బరువున్న ఇసకకీ రాతికీ పట్టేదానికి నాలుగైదు రెట్లు వేడి కావాలి. అందుకే మధ్యాహ్నం ఇసకలో కాలు పెడితే బొబ్బలెక్కుతుంది, నీళ్ళలో పెడితే ప్రాణం లేచొస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ చల్లదనానికి సొంతంగా కాళ్ళు లేవు. గాలి మోసుకొస్తేనే మన గుమ్మంలోకి వస్తుంది.

మన మే నెల గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? పడమటినుంచి. వందల మైళ్ళు ఎండిన నేలమీద కాలుకుంటూ వచ్చే వడగాలి అది. బారేజి ఎగువన నీళ్ళ వెడల్పు కిలోమీటరు చిల్లర. అది దాటడానికి ఆ గాలికి అయిదారు నిమిషాలు చాలు. కాలిన పెనంమీద నాలుగు చుక్కలు చిలకరించినట్టు చుయ్యిమంటుంది, అంతే. సాయంత్రం బారేజిమీద నిలబడితే హాయిగా ఉండే మాట నిజమే. ఆ హాయి గవర్నర్‌పేటకి వచ్చేలోపు దారిలో ఎన్ని డాబాలు, ఎంత సిమెంటు, ఎంత తారు! పగలంతా కాగిన కొండలూ గోడలూ రాత్రంతా ఆ వేడిని మనకి తిరిగిస్తూనే ఉంటాయి.

కొల్లేరు ఉందిగా అంటారేమో. అభయారణ్యం కిందే 308 చదరపు కిలోమీటర్లు. కానీ అది మనకి తూర్పున ఉంది, పడమటిగాలి మననుంచి అటు వెళ్తుంది గాని అటునుంచి మనకి రాదు. పోనీ ఊళ్ళోనే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అని మూడున్నాయి కదా అంటే, పంటలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. మరమ్మతులు చేసుకోవాలన్నా, పూడిక తీయాలన్నా అదే అదను. పొలానికి నీళ్ళక్కర్లేని రోజులే మనకి చల్లదనం కావలసిన రోజులు. కాటన్ దొర కాలువలు తవ్వించింది వరిచేలకోసం, మన మధ్యాహ్నం కునుకుకోసం కాదు కదా!

బందరు వాళ్ళ అదృష్టం వేరు. సముద్రం పక్కనే ఉంది కాబట్టి పొద్దెక్కేసరికి నీటిగాలి అందుకుంటుంది. మనకి ఆ గాలి చేరేసరికి సాయంత్రమవుతుంది, పడమటిగాలి జోరుగా ఉంటే అసలు చేరనే చేరదు. "గాలి తిరిగింది" అని అత్తయ్యగారు అరుగుమీదనుంచి కేకేస్తే, ఇంట్లో అందరి మొహాలూ వికసించేవి. తీరా వచ్చాక ఉక్కపోత. నీటిమీదుగా వచ్చిన గాలి తడిని వెంటబెట్టుకొస్తుంది. తడిగాలిలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు.

ఈ చివరి ముక్క నాకు తెలియకనే ఆ రోజు ముప్పు వచ్చింది.

2015 మే నెల చివరివారం. ఆ వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. అత్తయ్యగారికి అప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. వేడిగాలి కొడుతుందని ఆవిడ గది తలుపులూ కిటికీలూ బిగించి, లోపల కూలరు పెట్టాను. పెద్దావిడకి ఎంత చేస్తున్నానో అని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. రెండింటికి మజ్జిగ పట్టుకెళితే, ఆవిడ నన్ను చూసి ఎప్పుడో పోయిన వాళ్ళక్క పేరుతో పిలిచారు. ఒళ్ళు నిప్పుల కుంపటి. గదిలో గాలి చాకిరేవులో గాలిలా ఉంది. నా గుండె జారిపోయింది. మావారు పరుగున డాక్టరుగారిని పిలుచుకొచ్చారు. నేను తలుపులు బార్లా తెరిచి, తడిగుడ్డలతో ఒళ్ళంతా తుడుస్తూ విసురుతూ కూర్చున్నాను. సాయంత్రానికి గాని ఆవిడ నన్ను నా పేరుతో పిలవలేదు.

డాక్టరుగారు కోప్పడలేదు గాని ఒక్కమాటన్నారు. "కూలరు పెట్టినప్పుడు తడిగాలి పోవడానికి దారి ఉండాలమ్మా. లేకపోతే గది ఆవిరిగిన్నే." అంత కృష్ణకీ ఇంత కూలరుకీ సూత్రం ఒకటేనని అప్పుడు తెలిసింది. నీళ్ళు ఉంటే చాలదు, గాలి సరైన దారిన రావాలి, వచ్చిన తడి పోవాలి.

ఆ సంగతి విన్నాక మా ఆడపడుచు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత షికాగో సంగతి ఒకటి చెప్పింది. 1995 జూలైలో వచ్చిన వేడికి ఆ ఊళ్ళో అయిదారు రోజుల్లో ఏడువందలమందికి పైగా పోయారట. అంత సరస్సు పక్కనే ఉండి! పోయినవాళ్ళలో ఎక్కువమంది ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళు. కొందరు దొంగల భయంతో కిటికీలు కూడా తెరవలేదట. తలుపు తట్టి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగే మనిషి లేక పోయినవాళ్ళెందరో.

అప్పటినుంచీ మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి నేను రెండు గ్లాసుల మజ్జిగ కలుపుతున్నాను. ఒకటి అత్తయ్యగారికి, రెండోది పక్కవాటాలో ఒక్కరే ఉంటున్న పిన్నిగారికి. ఆవిడ తలుపు తీసేదాకా తడుతూనే ఉంటాను. "నీ మజ్జిగకంటే నీ చప్పుడే ఎక్కువే" అని విసుక్కుంటారు. విసుక్కున్నారంటే బాగున్నారన్నమాట.

అత్తయ్యగారికి ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. ఈ వేసవిలో కూడా షికాగోనుంచి ఫోను వచ్చింది. కృష్ణ ఊసు లేదు, "మీ ఊరు" లేదు. ఎత్తుతూనే, "వదినా, అమ్మ గది కిటికీ తెరిచే ఉందా?" అంది. ఆవకాయ సంగతి ఆఖర్న అడిగింది.