బరంపురం కొట్లు: గోపాలపురం ఓడల నుంచి ఫోను ఆర్డర్ల దాకా



పెద్ద బజారులో మనవాళ్ళ కిరాణా కొట్లు చిక్కిపోతున్నాయనీ, దీనికంతటికీ ఫోనులో సరుకులు తెప్పించుకోవడమే కారణమనీ ఈమధ్య మన కూడికల్లో తరచుగా వినబడుతోంది. "కొట్లవాళ్ళు ఎప్పుడూ ఇలాగే అంటారు, వాళ్ళకేమీ కాదు" అనే మాట కూడా అంతే గట్టిగా వినబడుతోంది. ఎటో ఒక వైపు తేల్చేసే ముందు మన బజారు ఇదివరకు ఏమేం చూసిందో ఒకసారి చూద్దాం. రాత కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

మన ఊరి బజారు మొదటినుంచీ దూరపు సరుకు మీద బతికిందే. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఇక్కడికి పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాలపురమే మనకు రేవు. పేరుకు రేవే గానీ ఓడ ఒడ్డుకు రాదు. నడిసముద్రంలో లంగరు వేస్తే, కెరటాల మీద మసూలా పడవలు నడిపే బెస్తవాళ్ళు సరుకును, మనుషులను అటూ ఇటూ దాటించేవారు. ఆ పడవలెక్కే మన జిల్లా కూలీలు వేలకు వేలు రంగూను వెళ్ళారు. బర్మా బియ్యం మద్రాసు రాజధాని రేవులకు వచ్చేది. ఇటు దగ్గరి సరుకులూ తక్కువేమీ కాదు. ఉప్పు రుషికుల్యా నది మొగ దగ్గరి హుమ్మా కళ్ళాల్లో పండేది. పంచదారకు ఆస్కా ఉండేది. మించిన్ దొర అక్కడ నడిపిన చక్కెర కార్ఖానా పంతొమ్మిదో శతాబ్దం నాటిది. పసుపు, చింతపండు పైనున్న కొండల నుంచి దిగేవి. బెల్లమంటే అనకాపల్లి, మిరపకాయలంటే గుంటూరు. ఇన్ని దిక్కుల సరుకునూ ఒక గదిలో చేర్చి, పావలాకు కావాలన్నవాడికి పావలాకే పొట్లం కట్టి ఇవ్వడం షావుకారు పని.

1890ల్లో తూర్పు తీరం వెంట రైలు వచ్చింది. కలకత్తా సరుకు నేరుగా బరంపురం స్టేషనులో దిగడం మొదలయ్యాక గోపాలపురం రేవు కళ తప్పుతూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళు బర్మాను పట్టుకున్నాక మిగిలింది కూడా పోయింది. అంతకుముందే, 1877లో, తపాలా శాఖ వీపీపీ పద్ధతి తెచ్చింది. ఎక్కడో మద్రాసులోనో బొంబాయిలోనో ఉన్న కంపెనీకి కార్డు రాస్తే పార్సెలు ఇంటికి వస్తుంది, పోస్టుమానుకు సొమ్ము చెల్లించి పుచ్చుకోవడమే. మన పిల్లలు ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నదానికి ఇది ముత్తాత. పుస్తకాలూ, మందులూ, గడియారాలూ అలా వచ్చేవి. బియ్యం, పప్పు మాత్రం రాలేదు. బరువు ఎక్కువ, లాభం తక్కువ అయిన సరుకును ఒక్కో ఇంటికీ మోయడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

రేవు పోయి రైలు వచ్చినా, ఎడ్లబండి పోయి లారీ వచ్చినా కొట్టు మాత్రం నిలబడింది. మన పాత చిట్టా, ఆవర్జా పుస్తకాలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఏ రోజు అమ్మకం ఆ రోజు చిట్టాలో పడుతుంది. అక్కడి నుంచి ఎవరి పేరున వారికి ఆవర్జాలో పద్దు ఎక్కుతుంది. ప్రతి పద్దు వెనకా ఒక సంసారం ఉంటుంది. జీతగాడు ఒకటో తారీఖున చీటీ పంపిస్తాడు, నెల సరుకులు బస్తాల్లో ఇంటికి వెళతాయి, డబ్బు చేతికి చేతే వస్తుంది. రోజుకూలి మనిషి సాయంత్రం సోలెడు బియ్యం, ఇంత నూనె పట్టుకుపోతాడు. పని దొరికిన రోజు ఇస్తాడు, దొరకని రోజు రాసుకోమంటాడు. పట్టు నేసేవాడు చీర అమ్ముడైనప్పుడు ఇస్తాడు. రైతు కోతలయ్యాక ఇస్తాడు. చేతికి చేతే వచ్చే ఆ నగదుతోనే షావుకారు టోకు వ్యాపారికి బాకీ తీర్చి, మిగతావాళ్ళకు అరువు ఇవ్వగలుగుతాడు. పుస్తకంలో అలా అని ఎక్కడా రాసి ఉండదు గానీ లెక్క అదే. జీతగాడి ఒకటో తారీఖు డబ్బే కూలివాడి ఇరవయ్యో తారీఖు అన్నం.

కొసరు సంగతి వేరే చెప్పాలా? తూకం అయ్యాక పైన వేసే గుప్పెడు, పిల్లవాడి చేతిలో పెట్టే బెల్లం ముక్క. ఏ యాప్‌లోనూ దానికి బొత్తాం లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది. బరంపురం ఇటు వచ్చింది, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం అటు మద్రాసు వైపే ఉండిపోయింది. మన సంఘాల చరిత్రలో ఈ తేదీని బడి భాష కోసమూ, ఉద్యోగాల కోసమూ తలుచుకుంటాం. బజారుకు కూడా అది పెద్ద తేదీయే. ఒకే బజారుగా ఉన్న చోట రాష్ట్రాల సరిహద్దు పడింది. తరవాత అమ్మకం పన్నులు వచ్చాక గిరిసోల గేటు దగ్గర లారీలు బారులు తీరేవి. చెక్‌పోస్టు కాగితాలు సరిగ్గా రాయగల గుమస్తా దొరికితే షావుకారు అతణ్ణి వదులుకునేవాడు కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆ పన్ను గేట్లు ఎత్తేశారు. సరిహద్దు దాటిస్తూ బతికిన చిన్న టోకు వ్యాపారికి ఉన్న ఒక్క పైచెయ్యి కూడా దాంతో పోయింది. ఎక్కడి గోదాము నుంచైనా ఎక్కడికైనా సరుకు పంపడం సులువైంది. ఫోను వ్యాపారం పెరగడానికి ఇది ఎంత సాయపడిందో మన చర్చల్లో ఎవరూ చెప్పరు.

మధ్యలో 1957లో నయా పైసలు, ఆ తరవాత కిలోలు, లీటర్లు వచ్చాయి. వీశె, మణుగు, కుంచం, అడ్డ పోయాయి. ముసలివాళ్ళు కొన్నాళ్ళు గొణిగారు, అంతే.

మన జిల్లాకే ప్రత్యేకమైనది ఒకటుంది. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళిన కుటుంబాలు ఎన్నో మనందరికీ తెలుసు. వాళ్ళు పంపే డబ్బు బ్యాంకుల కంటే ముందు టప్పావాలాల చేతుల మీదుగా వచ్చేది. సూరత్‌లో కూలీల దగ్గర పోగుచేసి, రైలెక్కి వచ్చి, ఊరూరా తిరిగి ఇంటింటికీ ఇచ్చేవారు. టప్పావాలా వచ్చేదాకా ఆ ఇంటి పొయ్యి వెలిగించింది ఊళ్ళోని కొట్టే. ఒడియా ఇల్లా, తెలుగు ఇల్లా అని షావుకారు చూడలేదు. ఉసునా బియ్యం అడిగితే ఉసునా, అరువా అడిగితే అరువా. పద్దు మాత్రం తెలుగులో రాసుకునేవాడు.

ఇక పెద్ద కంపెనీల సంగతి. 2001లో కలకత్తా, హైదరాబాదు, బెంగళూరుల్లో బిగ్ బజార్ తెరిచినప్పుడు కిరాణా పని అయిపోయిందన్నారు. 2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ మొదలైనప్పుడూ అదే అన్నారు. 2022 వచ్చేసరికి మూతపడింది బిగ్ బజారే. అందుకే "కొట్లకేమీ కాదు" అనేవారికి ధైర్యం. కానీ ఆ దుకాణాలకు మనిషి వెళ్ళాలి. బస్సో ఆటోనో ఎక్కి వెళ్ళి, మోసుకుని రావాలి. వీధి చివరి కొట్టుకు ఆ దూరమే కాపు కాసింది. ఫోను ఆ దూరాన్ని తీసేసింది. 1999లోనే బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ అని నెట్టు మీద అమ్మకం మొదలుపెట్టారు, నిలబడలేదు. అదే మనుషుల్లో కొందరు 2011లో బిగ్ బాస్కెట్ పెట్టారు. 2013లో వచ్చిన గ్రోఫర్స్ తరవాత బ్లింకిట్ అయింది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరులో నోట్ల రద్దు వచ్చింది, 2020లో కరోనా వచ్చింది. ఆ ఏడాది మన గంజాం మీద అది గట్టిగా విరుచుకుపడింది. గడప దాటడానికి భయపడిన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా ఫోనులో కొనడం నేర్చుకున్నారు.

వీపీపీ బియ్యం మోయలేకపోయిందని చెప్పుకున్నాం కదా. ఇప్పుడు మాత్రం ఎలా గిట్టుతోంది? కొంత మదుపుదారుల డబ్బుతో గిట్టుతోంది, నష్టానికి అమ్మినా కొన్నేళ్ళు ఆగగలరు. కొంత కంపెనీ దగ్గర నేరుగా, పెద్ద ఎత్తున కొనడంవల్ల గిట్టుతోంది. మన కొట్టుకు సబ్బు రావాలంటే కంపెనీ నుంచి డిపోకు, డిపో నుంచి స్టాకిస్టుకు, స్టాకిస్టు నుంచి కొట్టుకు రావాలి. ప్రతి మెట్టు దగ్గరా నాలుగు డబ్బులు ఆగాలి. చివరికి షావుకారుకు వందకు ఎనిమిదో పదో మిగిలితే గొప్ప. 2024లో దేశంలోని డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య, ఒక్క ఏడాదిలో రెండు లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని చెప్పి కాంపిటీషన్ కమిషన్‌ దాకా వెళ్ళింది. అది వాళ్ళు చెప్పిన లెక్క, వాళ్ళూ ఒక పక్షమే. మనం మన వీధి చూసుకుందాం.

మన వీధిలో ముందు పోయినవి సబ్బులు, షాంపూలు, పిల్లల డైపర్లు, జీడిపప్పు, కిస్‌మిస్. లాభం మిగిలేవి అవే. తరవాత నెల చీటీ పోయింది. కొట్టుకు మిగిలింది అర్ధరాత్రి పాల ప్యాకెట్టు, పది రూపాయల అల్లం, అరువు. అంటే నగదు ఇచ్చేవాడు ఫోనుకు వెళ్ళాడు, రాసుకోమనేవాడు కొట్టు దగ్గరే ఉన్నాడు. ఇన్ని మార్పుల్లో ఏదీ ఆ రెండు పద్దులనూ విడదీయలేదు, ఇది విడదీసింది. మనలో ఎవరం యాభై రూపాయలు కలిసొస్తాయని ఫోను నొక్కినా, పక్క సందులో రిక్షా అతని ఆవర్జా అంతమేరకు తరుగుతోంది. షావుకారు మంచివాడే, కానీ టోకు వ్యాపారి అతనికి ఆగడు.

ఇంకొక కొత్త సంగతి. మన పిల్లలు విశాఖలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉన్నారు. వాళ్ళ తాతల కాలంలో కొడుకు మనియార్డరు పంపితే ఆ డబ్బు ముందు తల్లి చేతికి, తల్లి చేతి నుంచి కొట్టుకు వెళ్ళేది. ఇప్పుడు కొడుకు అక్కడే కూర్చుని ఇక్కడి ఇంటికి కందిపప్పు ఆర్డరు పెడుతున్నాడు. ప్రేమతోనే పెడుతున్నాడు, తప్పు పట్టలేం. కానీ ఆ డబ్బు బరంపురం మీదుగా వెళ్ళడమే మానేసింది. ఠాకురాణీ యాత్రకూ, దసరాకూ, మన సంఘం ఉగాదికీ చందా పుస్తకం పట్టుకుని మొదట ఎక్కేది ఎవరి మెట్లో మనకు తెలుసు. ఏ యాప్ మెట్లు ఎక్కుతాం?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. అలాంటి రోజుల్లో అమ్మకం జరిగేది కొవ్వొత్తి వెలుగులో, ముఖం చూసి, కాగితం మీద రాసుకునే చోటే.

కొట్లను మరీ దేవాలయాలను చేయొద్దు. తూకంలో మోసాలు, కల్తీ నూనె, బాకీ ఉన్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టి మాట్లాడడం, కొట్టులో కొందరిని లోపలికి రానిచ్చి కొందరిని గుమ్మం బయటే ఉంచడం, ఇవన్నీ మన బజారు చరిత్రలో ఉన్నవే. ఫోనులో ధర ముందే కనబడుతుంది, నువ్వెవరి బిడ్డవని అడగదు. చీటీలో ఏం రాశారో ఊరంతా తెలియకూడదనుకునే కోడళ్ళకు అది ఎంత ఊరటో మన మహిళా సభ్యులు చెబితే మేము కాదనలేకపోయాం. సరుకు మీద గడువు తేదీ చూసి కొనే అలవాటు కూడా కొట్టు నేర్పింది కాదు.

అందుకే ఫోను మానేయమని ఎవరినీ అడగడం లేదు. అడిగేది రెండు సంగతులు. నెల చీటీలో బరువు సరుకులు, అంటే బియ్యం, పప్పు, నూనె, బెల్లం, మీ వీధి కొట్టుకే ఇవ్వగలరా? చీటీ వాట్సాప్‌లో పంపండి, డబ్బు యూపీఐలో కొట్టండి, సరుకు కొట్టు కుర్రాడు తెస్తాడు. మనవాళ్ళ కొట్లు చాలావాటిలో ఇప్పటికే ఈ ఏర్పాటు ఉంది, మనమే అడగడం లేదు. కొట్లు నడిపే సభ్యులు కూడా ధర కాగితం బయట అంటించి, చిల్లు ఇవ్వడానికి చిరాకు పడకుండా ఉంటే బాగుంటుంది.

రెండోది పాత పుస్తకాల గురించి. ఎర్రగుడ్డ అట్టల చిట్టాలు, ఆవర్జాలు అటకల మీద చెదలు పడుతున్నాయి. కొట్టు మూసేసిన ఇళ్ళల్లో అయితే తూకానికి అమ్మేస్తున్నారు. 1936కు ముందూ వెనకా ఈ ఊళ్ళో ఎవరు ఏం తిన్నారో, ధర ఎంతో, కరువులో ఎవరికి ఎంత అరువు దొరికిందో తెలుగు అక్షరాల్లో ఉన్న లెక్కలవి. మీ ఇంట్లో ఉంటే ఈ రాత కింద ఒక మాట రాయండి. బాకీదారుల పేర్లు బయటపెట్టకుండా, పుస్తకం మీ ఇంట్లోనే ఉంచి, ఫోటోలు తీసుకుని వెళతాం. వచ్చే ఆదివారం నుంచి పెద్ద బజారు వైపు ఇళ్ళతో మొదలుపెడుతున్నాం.