టెక్సాస్ పెరిగింది... సగానికి పైగా కౌంటీలు తగ్గాయి

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. టెక్సాస్ రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి. 2010లో 2.51 కోట్లున్న రాష్ట్ర జనాభా 2020 జనగణన నాటికి 2.91 కోట్లు దాటింది. కానీ అదే పదేళ్లలో 143 కౌంటీల్లో జనం తగ్గారు.

పశ్చిమ టెక్సాస్ పల్లె కౌంటీల్లో యంత్రాలొచ్చాక సేద్యంలో పనులు తగ్గాయి. చదువుకున్న పిల్లలు డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ దారి పట్టారు. ఊళ్లో పెద్దవాళ్లే మిగిలారు, పుట్టుకలూ తగ్గాయి.

నగరాల దగ్గర వలస తీరు వేరు. డాలస్ కౌంటీ నుంచి చాలా కుటుంబాలు కొత్త ఇళ్లు, స్కూళ్లు చూసుకుని పక్కనున్న కాలిన్, డెంటన్ కౌంటీలకు మారాయి. కంపెనీలూ అటే వెళ్లాయి. టొయోటా 2017లో తన అమెరికా ప్రధాన కార్యాలయాన్ని ప్లేనోలో తెరిచింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనోలు ఈ వైపువే. కాలిన్ జనాభా పదేళ్లలో 7.82 లక్షల నుంచి 10.64 లక్షలకు చేరింది.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. స్కూళ్లు, కౌంటీలు ఎక్కువగా ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. జనం పోయిన చోట బడి, ఆసుపత్రి నిలబెట్టుకోవడమే కష్టం. జనం చేరిన చోట ఇంటి విలువతో పాటు పన్ను బిల్లూ పెరుగుతుంది. అక్కడున్న పిల్లలు ఇల్లు కొంటామంటే లోన్ వాయిదా ఒక్కటే చూస్తే చాలదు, ఏటా కట్టాల్సిన పన్ను కూడా లెక్కేసుకోవాలి.