మంత్రి పరుగు నేర్చిన కథ

చదరంగంలో రెండే రెండు ఎత్తుల్లో ఆట కట్టించవచ్చు. తెల్లపావుల ఆటగాడు రాజు వైపు శకటు ముందున్న బంటును ఒక గడి, గుర్రం ముందున్న బంటును రెండు గళ్ళు జరిపితే చాలు. అప్పటికే తన బంటును జరిపి దారి చేసుకున్న నల్లమంత్రి ఐమూలగా దూసుకొచ్చి బల్ల అంచున నిలుస్తాడు. రాజుకు పారిపోయే గడి ఉండదు, అడ్డుపడే పావూ ఉండదు.

పాత ఆటలో ఇది జరిగే పని కాదు. మన దేశంలో పుట్టిన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా స్పెయిన్ చేరేనాటికి కూడా మంత్రి ఐమూలగా ఒక్క గడే కదిలేవాడు. నేడు శకటు ఉన్నచోట ఉండే పావు ఐమూలగా రెండో గడికి దూకేది. 64 గళ్ళలో అది అడుగుపెట్టగలిగినవి ఎనిమిదే. సేనలు ఎదురుపడేసరికే బోలెడు ఎత్తులు అయిపోయేవి.

కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో 1283లో రాయించిన ఆటల గ్రంథంలో ఈ విసుగు ప్రస్తావన ఉంది. ఆట ఎంతకీ తెమలడం లేదని పాచికలు వేసి ఆడేవారట! బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు వెళ్ళవచ్చన్న వెసులుబాటూ అందులో కనిపిస్తుంది.

అసలు మలుపు 1475 ప్రాంతంలో వచ్చింది. వాలెన్సియాలో ముగ్గురు కవులు కలిసి 64 పద్యాల్లో ఒక చదరంగపు ఆటను వర్ణించారు. యూరప్‌లో అప్పటికే రాణిగా మారిన మంత్రి, ఆ ఆటలో ఎటైనా, ఎంత దూరమైనా వెళ్ళగలదు. 1497లో లుసెనా అనే రచయిత అచ్చువేసిన చదరంగం పుస్తకంలో పాత పద్ధతి సమస్యలూ, కొత్త పద్ధతి సమస్యలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ తరవాత పాత ఆట త్వరగానే మూలపడింది.

దాంతో ఆటకు భయమూ ఆశా రెండూ వచ్చాయి. ఒక్క పొరపాటు ఎత్తుతో రాజు చిక్కిపోవచ్చు. చివరి వరసకు చేరిన బంటు, ఒకప్పుడు ఆ బలహీనపు మంత్రిగానే మారేది. ఇప్పుడు బల్ల మీద అన్నిటికన్నా బలమైన పావు అవుతుంది. ఓడిపోతున్నవాడు కూడా ఒక్క బంటు మిగిలితే ఆట వదలడు.

మీ పిల్లలకు చదరంగం నేర్పేటప్పుడు ఒక్క ఆట పాత మంత్రితో ఆడించి చూడండి. నియమం మారితే ఆట ఎంత మారుతుందో వాళ్ళకే తెలుస్తుంది.