రికార్డు తిరుగు వేగము – దోషమును పట్టు గీతలు

గ్రామఫోనులో తంబురా శ్రుతి ఊగులాడినట్లు వినబడినచో ఆ దోషము ఎవరిది? వాద్యమునదా, రికార్డుదా, యంత్రముదా? గాత్రము వినుచు ఈ ప్రశ్నకు బదులు చెప్పుట కష్టము. మన సంగీతమున గమకము ఉండనే ఉన్నది కదా! నిలకడగా మ్రోగు స్వరమే ఇందుకు తగిన సాక్షి.

1877లో అమెరికాలో ఎడిసను నిర్మించిన ఫోనోగ్రాఫును చేతితో త్రిప్పెడివారు. మాట వినుటకు అది చాలెను గాని పాటకు చాలలేదు. గాడిలోని అలలు సెకనుకు ఎన్ని ముల్లు క్రిందుగా పోవునో అదియే ధ్వని పౌనఃపున్యము. కావున వేగము నూటికి 6 వంతులు పెరిగినచో శ్రుతి హార్మోనియముపై ఇంచుమించు ఒక మెట్టు పైకి పోవును. 1887లో బెర్లినరు బిళ్ళ రికార్డుకు పేటెంటు పొందిన తరువాత కూడ చేతిపిడి కొంతకాలము నిలిచియుండెను.

న్యూజెర్సీలోని కామ్డెనులో చిన్న యంత్రశాల నడుపుచుండిన ఎల్డ్రిడ్జి జాన్సను 1896లో ఈ యంత్రమునకు తగిన స్ప్రింగు మోటారును తయారుచేసెను. కీ ఇచ్చిన స్ప్రింగు మొదట బలముగను, పోను పోను నీరసముగను లాగును. దీనిని సరిచేయునది గవర్నరు. వేగము పెరిగినకొలది అందలి చిన్న గుండ్లు అపకేంద్రబలమువలన దూరముగ జరిగి, ఒక బిళ్ళను తోలుమెత్తకు ఒరయించును. ఆ ఘర్షణయే వేగమునకు కళ్ళెము. మెత్త ఎండిపోయినచో కళ్ళెము నిలకడగా పట్టదు, ధ్వని వణకును.

అయినను ఏ వేగము సరియైనదో ఒక కట్టుబాటు లేదు. 1902లో గైస్‌బర్గు కలకత్తాలో రికార్డులు తీసిన కాలమున వేగము రికార్డుకు రికార్డుకు మారుచుండెను. నిమిషమునకు 74 చుట్లతో నమోదైన పాటను 78 చుట్లతో వినినచో గాయకుని శ్రుతి దాదాపు ఒక మెట్టు పెరిగినట్లు తోచును. ఆనాటి గాయకుల అసలు శ్రుతిని గూర్చి వాదములు నేటికిని తెగకుండుటకు ఇదియొక కారణము.

చెవికి తెలియని దానిని కంటికి చూపు ఉపాయము 1832 నాటిది. బెల్జియములో ప్లాటో, వియన్నాలో స్టాంఫరు వేరువేరుగా స్ట్రోబోస్కోపును కనిపెట్టిరి. విద్యుద్దీపములు వచ్చిన పిదప అది గ్రామఫోనుకు అక్కరకు వచ్చెను. మన 50 సైకిళ్ళ విద్యుత్తుపై నియాను దీపము సెకనుకు 100 మారులు, అనగా నిమిషమునకు 6000 మారులు మినుకుమనును. పళ్ళెముపై 180 గీతలున్న కాగితపు బిళ్ళను ఉంచి నిమిషమునకు 33⅓ చుట్లు త్రిప్పినచో, ఒక మినుకుకు సరిగా ఒక గీత జరుగును. గీతలన్నియు కదలక నిలిచినట్లు కనబడును. 78 వేగమునకు 77 గీతలు. 180 గీతల బిళ్ళను కోణమానినితో విద్యార్థులే గీయవచ్చును. గీతకు గీతకు నడుమ 2 డిగ్రీలు. ఎల్.ఇ.డి. దీపములలో పెక్కింటికి ఇట్టి మినుకు లేదు, కనుక అవి ఇందుకు పనికిరావు.

గీతలు ఒకే వైపునకు సాగిపోయినచో వేగము ఎక్కువయో తక్కువయో అయినదని అర్థము. సాగిన బెల్టుగాని, ఇరుసులో గట్టిపడిన నూనెగాని కారణమై యుండవచ్చును. ముందునకు వెనుకకు ఊగినచో ఊగులను లెక్కింపవలెను. పళ్ళెపు లోపలి అంచు వ్యాసము 20 సెంటీమీటర్లు, దానిని త్రిప్పు రబ్బరు చక్రము 5 సెంటీమీటర్లు అనుకొందము. పళ్ళెము ఒక చుట్టు తిరుగులోపల చక్రము 4 చుట్లు తిరుగును. చుట్టుకు నాలుగు ఊగులు కనబడినచో దోషి ఆ చక్రమే. యంత్రమును ఆపినపుడు చక్రమును ఒత్తిడినుండి తప్పింపక విడిచినచో రబ్బరు ఒకచోట చదునగును.

గీతలు నిశ్చలముగ నుండి, ధ్వని మాత్రము 1.8 సెకనులకొకమారు ఊగినచో? 33⅓ వేగమున ఒక చుట్టుకు పట్టు కాలము అదియే. అప్పుడు ముల్లు పట్టిన చేతిని చూడవలెను. అది ప్రక్కలకు ఊగుచుండును. రికార్డు రంధ్రము కేంద్రమునకు తప్పియున్నదన్నమాట. ఒక్క మిల్లీమీటరు తప్పినను, కేంద్రమునుండి 10 సెంటీమీటర్ల దూరముననున్న గాడిలో వేగము నూటికి ఒక వంతు హెచ్చి, ఒక వంతు తగ్గును. 1970 ప్రాంతమున జపానులో మోటారే పళ్ళెమును నేరుగ త్రిప్పు యంత్రములు వచ్చెను. పిమ్మట క్వార్ట్‌జు స్ఫటికము వాటి వేగమును అదుపున నుంచెను. రంధ్రము తప్పిన రికార్డు ఆ పళ్ళెముపై కూడ అట్లే ఊగును.