బంగారు పూతలో వేడి పరుగు

కళ్లజోడు పెట్టుకోండి. ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకోండి, మెరిసే లోహం మీద లేజర్ పడితే ఎటు మళ్లి ఎవరి కంట్లో పడుతుందో చెప్పలేం. ఇక లోపలికి రండి. ఇది 1987. అమెరికాలోని ఎం.ఐ.టి.లో బ్రోర్సన్, ఫ్యూజిమోటో, ఇప్పెన్ అనే ముగ్గురు బంగారంలో వేడి ఎంత వేగంగా పోతుందో కొలుస్తున్నారు.

గదిలో లైట్లు ఆర్పేశారు. బరువైన బల్ల మీద అద్దాలు, కటకాలు బిగించి ఉన్నాయి. డై లేజర్ నుంచి వస్తున్న ఎర్రటి కిరణం కంటికి తెగని గీతలాగే కనిపిస్తోంది కానీ, అది తునకలు తునకలుగా వస్తున్న వెలుగు. ఒక్కో తునక (పల్స్) నిడివి దాదాపు 100 ఫెమ్టోసెకన్లు. సెకనులో లక్ష కోట్ల వంతు పికోసెకను, అందులో వెయ్యో వంతు ఫెమ్టోసెకను. 100 ఫెమ్టోసెకన్లలో వెలుగు కూడా 30 మైక్రాన్లే వెళ్లగలదు. తల వెంట్రుక మందమంత దూరం కూడా కాదది.

కిరణం ఒక అద్దం దగ్గర రెండుగా చీలింది. బలమైన పాయ పేరు పంప్, అది వేడిచేస్తుంది. సన్నటి పాయ ప్రోబ్, అది వెనకే వచ్చి ఏం జరిగిందో చూసిపోతుంది. రెండు పాయల మధ్య ఎడం పెంచడానికి కదిలే అద్దం ఒకటుంది. దాన్ని 0.15 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే వెలుగు పోనూ రానూ 0.3 మిల్లీమీటర్లు ఎక్కువ తిరగాలి. అంటే ఒక పికోసెకను ఆలస్యం. ఇంత చిన్న వ్యవధిని నేరుగా పట్టే డిటెక్టర్ లేదు, అందుకని కాలాన్ని దూరంగా మార్చి కొలుస్తున్నారు. ఈ ప్రయోగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఈ ఏర్పాటే.

ఇప్పుడు నమూనా మీదికి వంగండి. పారదర్శకమైన పలక మీద బంగారు పూత. ఒక్కో పలక మీద దాని మందం ఒక్కోలా, 50 నుంచి 300 నానోమీటర్ల దాకా. పంప్ పూతకు ముందువైపు తగులుతుంది. ప్రోబ్ వెనకవైపు నుంచి పలక గుండా వచ్చి పూతను తాకి తిరిగిపోతుంది. వేడి వెనకవైపుకు చేరగానే అక్కడి బంగారం తిప్పికొట్టే వెలుగులో అతి స్వల్పమైన తేడా వస్తుంది.

పంప్ తగిలింది. పూత లోపలికి దిగి చూద్దాం. వెలుగు బంగారంలోకి 15 నానోమీటర్ల దాకా మాత్రమే చొరబడగలదు. ఆ పైపొరలోని ఎలక్ట్రాన్లు దాన్ని మింగేశాయి. పరమాణువులకు ఇంకా ఏమీ తెలియదు. ఒక్కో బంగారు పరమాణువు బరువు ఎలక్ట్రాను బరువుకు మూడున్నర లక్షల రెట్లు, అంత తొందరగా కదలదు. పైగా ఎలక్ట్రాన్ల ఉష్ణ సామర్థ్యం, పరమాణువుల జాలకం (అవి వరుసగా అమరిన చట్రం) సామర్థ్యంలో వందో వంతుకు దగ్గర. కాస్త శక్తి అందినా అవి విపరీతంగా వేడెక్కుతాయి. పల్స్ బలమైనదైతే ఎలక్ట్రాన్లు వేల డిగ్రీలకు ఎగబాకే వేళకు వాటి చుట్టూ ఉన్న జాలకం ఇంకా గది వేడిలోనే ఉంటుంది. ఒకే చోట, ఒకే క్షణాన రెండు ఉష్ణోగ్రతలు! ఎలక్ట్రాన్ల నుంచి జాలకానికి వేడి ఎలా చేరుతుందో 1957లోనే సోవియట్ శాస్త్రజ్ఞులు కగనోవ్, లిఫ్‌షిట్జ్, తనతరోవ్ లెక్కగట్టారు. 1974లో అనిసిమోవ్ బృందం దాన్ని లేజర్ పల్సులకు అన్వయించింది.

బల్ల దగ్గర అద్దం కొంచెం కొంచెంగా జరుగుతోంది. పలచటి పూత వెనకవైపు సంకేతం దాదాపు వెంటనే లేచింది. మందపు పూత పెట్టారు, ఆలస్యంగా లేచింది. ఎంత ఆలస్యమన్నదే అసలు ప్రశ్న. పెనం మీద వేడి పాకినట్టు ఇక్కడా పాకితే, మందం రెట్టింపైనప్పుడు పట్టే కాలం నాలుగింతలు కావాలి. ఫోరియర్ సూత్రం చెప్పేది అదే. కానీ కాగితం మీద పెడుతున్న చుక్కలు వంపు తిరగడం లేదు. తిన్నటి గీత మీద కూర్చుంటున్నాయి. మందం రెట్టింపైతే కాలమూ రెట్టింపే. నానోమీటరుకు ఒక ఫెమ్టోసెకను చొప్పున, అంటే సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు! బంగారంలో ఎలక్ట్రాన్ల సహజ వేగం, ఫెర్మీ వేగం, సెకనుకు 1,400 కిలోమీటర్లు. కొలిచిన వేగం దానికి దగ్గరగానే ఉంది. ఈ కాస్త దూరంలో వేడి అటూ ఇటూ తడబడుతూ పాకడం లేదు, ఎలక్ట్రాన్ల మీదెక్కి దూసుకుపోతోంది.

ఆ తర్వాతి కథ నెమ్మది. ఒకటి రెండు పికోసెకన్లలో ఎలక్ట్రాన్లు తమ వేడిని జాలకానికి అప్పగిస్తాయి, పరమాణువుల కంపాలు పెరుగుతాయి. పూత ఉన్నట్టుండి ఉబ్బడంతో అందులో ఒక ధ్వని తరంగం పుడుతుంది. బంగారంలో ధ్వని వేగం సెకనుకు 3.2 కిలోమీటర్లు, 100 నానోమీటర్లు దాటడానికి దానికి 30 పికోసెకన్లు కావాలి. ఎలక్ట్రాన్లకు 100 ఫెమ్టోసెకన్లు చాలిన దూరమది.

మిగిలిన వేడి కింది పలకలోకి దిగాలి. రెండు పదార్థాలు కలిసే సరిహద్దు దానికి అడ్డుపడుతుంది. ఇలాంటి అడ్డును 1941లో ద్రవ హీలియంలో గమనించిన కపిత్స పేరే దానికి పెట్టారు. చిప్పుల్లో పొరలు పలచబడే కొద్దీ పదార్థం కన్నా ఈ సరిహద్దే వేడిని ఎక్కువగా నిలవేస్తుంది. దాన్ని కొలవడానికి ఇవాళ్టి ల్యాబుల్లో వాడేది కూడా ఇదే అమరిక. నమూనా మీద అల్యూమినియం పూత, ఒక పంప్, ఒక ప్రోబ్, వెనక్కి జరిగే అద్దం.