ఉప్పుకు లొంగని గొట్టం

కారు అడుగున పాకే బ్రేకు గొట్టం చిటికెన వేలికన్నా సన్నం. చాలా కార్లలో దాని లావు 4.75 మిల్లీమీటర్లే. పెడల్ గట్టిగా తొక్కితే లోపలి బ్రేక్ ఆయిల్ ఒత్తిడి గాలి పీడనానికి వంద రెట్లు దాటుతుంది. అంత ఒత్తిడిలో తుప్పు తిన్న చోట గొట్టం పగిలితే, ఆగాల్సిన దూరంలో బండి ఆగదు.

స్వీడన్‌లో ఈ భయం మరీ ఎక్కువ. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చక్రాలు చిమ్మే ఉప్పు బురద కారు అడుగున అట్టకట్టి ఉక్కు గొట్టాన్ని కొరికేస్తుంది. పైన పూత ఉన్నా, రాయి తగిలి గీత పడిందంటే అక్కడి నుంచే తుప్పు మొదలు. పోనీ రాగి వేద్దామంటే అది మరీ మెత్తన, ఎడతెగని అదురుకు అలసి చిట్లుతుంది. 1976లో వోల్వో కంపెనీ రాగి-నికెల్ గొట్టానికి మారింది. నూటికి పది పాళ్లు నికెల్, ఒకటిన్నర పాళ్ల దాకా ఇనుము, మిగతాది రాగి. పోర్షే, ఆడి వంటి కంపెనీలూ ఈ గొట్టాన్ని వాడాయి.

చేత్తో పట్టుకుంటే దీని గుణం తెలుస్తుంది. ఉక్కు గొట్టం తొందరపడి వంచితే నొక్కుకుపోతుంది. ఇది బొటనవేళ్లతో ఒత్తుకుంటూ పోతే ఏ మూలకైనా ఒదుగుతుంది. కొస అంచును గొడుగులా విప్పి, మళ్లీ లోపలికి మడిచి, నట్టు బిగిస్తే చుక్క కారదు.

నికెల్‌ను లోకానికి చూపించిందీ స్వీడన్ వాడే. జర్మన్ గని కార్మికులకు రాగి రంగులో ఒక ఖనిజం దొరికేది. ఎంత కరిగించినా రాగి రాకపోయేసరికి, ఇది గనిలోని దయ్యం పనేనని దానికి ‘కుప్ఫర్‌నికెల్’ అని తిట్టుపేరు పెట్టారు. 1751లో స్వీడన్‌లోని లోస్ గని ఖనిజం నుంచి కొత్త లోహాన్ని వేరుచేసిన అక్సెల్ క్రోన్‌స్టెట్ ఆ తిట్టులోంచే దానికి పేరు తీసుకున్నాడు. రాగిని కాజేసిందని తిట్లు తిన్న లోహమే ఇప్పుడు రాగికి కాపలా కాస్తోంది! 1990ల్లో మన జేబుల్లో తిరిగిన పదకొండు పలకల రెండు రూపాయల బిళ్ల గుర్తుందా? అందులో మూడొంతులు రాగే. పావు వంతు నికెల్ చేరగానే రాగి ఎరుపు మాయమై వెండిలా తెల్లబడింది.

రోడ్డెక్కక ముందే ఈ మిశ్రమం సముద్రంలో నెగ్గింది. ఆవిరి ఓడల్లో టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి కండెన్సర్‌లోకి వెళుతుంది. అక్కడ వేల గొట్టాల్లో చల్లని సముద్రపు నీరు పారుతుంటుంది. వాటిని తాకి నీరైన ఆవిరి మళ్లీ బాయిలర్‌కు చేరుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళానికి ఈ గొట్టాలే ప్రాణసంకటమయ్యాయి. అప్పట్లో అవి ఇత్తడివి. ఉప్పునీటి సుడులు వాటికి చిల్లులు పెట్టేవి, ఉప్పు బాయిలర్‌లోకి దూరేది. శత్రువు గుండు తగలకుండానే యుద్ధనౌక చతికిలపడేది. నావికులు దీన్ని జబ్బులాగే ‘కండెన్సరైటిస్’ అన్నారు. యుద్ధం ముగిశాక 70 పాళ్లు రాగి, 30 పాళ్లు నికెల్ గొట్టాలు వచ్చి ఆ జబ్బును కుదిర్చాయి. తర్వాత, కాస్త ఇనుము కలిపితే పది పాళ్ల నికెల్ కూడా ఉరికే నీటిని తట్టుకుంటుందని తేలింది. నికెల్ ఖరీదైన లోహం కనుక ఇది చిన్న సంగతి కాదు. పైగా రాగి ఉన్న చోట గుల్లలూ నాచూ అంత తేలిగ్గా పట్టవు. ఓడల్లో మంటలార్పే నీటి గొట్టాలకూ దీన్నే వాడడానికి అదొక కారణం.

గల్ఫ్ దేశాల్లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే పాత తరహా ప్లాంట్లలోనూ ఈ గొట్టాలే బారులు తీరి ఉంటాయి. పని కూడా దాదాపు ఓడ కండెన్సర్ పనే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వలస వెళ్లినవాళ్లు ఎడారి ఎండలో గొంతు తడుపుకున్న నీళ్లలో ఎన్నో చుక్కలు ఈ లోహం మీద పుట్టినవే. గొట్టం లోపల ఉప్పు సముద్రం పారుతుంటే, పైన తాకిన ఆవిరి చల్లబడి మంచినీరై రాలుతుంది.