సంయోగంలోని గుణం



తేనె, నెయ్యి వేర్వేరుగా పథ్యమే అయినా సమపాళ్లలో కలిస్తే విరుద్ధమని చరకసంహిత చెబుతున్నది. ఆ జంట మాట అటుంచుదాం. గుణం వస్తువులోనే గాక సంయోగంలోనూ ఉంటుందన్న సూత్రానికి క్రీడాచరిత్ర బలమైన సాక్ష్యమిస్తున్నది.

1904 ఆగస్టు 30న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒలింపిక్ మారథాన్ జరిగింది. తీవ్రమైన ఎండ, దారి పొడవునా దుమ్ము. నీరు తగ్గిస్తే దేహమేమవుతుందో చూడాలన్న కుతూహలంతో నిర్వాహకుడు జేమ్స్ సలివాన్ దారిలో నీటివసతిని దాదాపు లేకుండా చేశాడు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మందే.

విజేత థామస్ హిక్స్ దాహమని వేడుకున్నా సహాయకులు నీళ్లివ్వక, నోరు మాత్రం తడిపారు. అతడు సొమ్మసిల్లబోతుంటే కోడిగుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ కలిపి పట్టారు. కొంతసేపటికి మళ్లీ అదే మందు, ఈసారి బ్రాందీ తోడుగా. స్ట్రిక్నిన్ అంటే మన అడవులలో కాచే ముషిణి గింజల విషమే. అల్పమాత్రలో అది ఉత్తేజకమని నాటివారి నమ్మకం, నిషేధమూ లేదు. హిక్స్ భ్రాంతిలో తూలుతూ, పక్కవారు పట్టుకొనగా, 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లకు గీత దాటాడు. బహుమతి అందుకొనే ఓపిక కూడా మిగలలేదు. దగ్గరుండి చూసిన చార్లెస్ లూకాస్ మాత్రం మందులు మేలు చేశాయనే వ్రాశాడు! ఆ దేహం కోరినది నీరు. గెలుపు కీర్తి దక్కినది విషానికి.

మేలైన సంయోగమూ లేకపోలేదు. పేగులలో సోడియం, గ్లూకోజు జంటగా లోనికి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. వాటి వెంట నీరూ పోతుంది. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ వైద్యుడు రాబర్ట్ కేడ్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకోసం ఉప్పు, చక్కెర, నిమ్మరసం నీటిలో కలిపి చేసిన పానీయమే గాటొరేడ్. ఇందులోనూ పాళ్లే ప్రధానం: చక్కెర మితిమీరితే నీరు కడుపులోనే నిలిచిపోతుంది.

దీనికి వ్యతిరేకం ఎఫెడ్రిన్, కెఫీన్‌ల జంట. రెండూ గుండెవేగాన్ని పెంచేవే. ఈ జంట గల గుళికలు బరువు తగ్గడానికంటూ విరివిగా అమ్ముడుపోయాయి. 2003 ఫిబ్రవరిలో బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ ఆటగాడు, 23 ఏళ్ల స్టీవ్ బెక్లర్ శిక్షణలో వడదెబ్బ తగిలి మరణించాడు. ఎఫెడ్రా కూడా ఒక కారణమని శవపరీక్షాధికారి తేల్చాడు. 2004లో అమెరికా ప్రభుత్వం ఎఫెడ్రా గుళికలను నిషేధించింది.

కబడ్డీ ఆడే నా పూర్వవిద్యార్థి ఒకడు ఈమధ్య మూడు డబ్బాల పొడులు కలిపి తాగవచ్చునా అని అడిగాడు. డబ్బాలమీది పట్టికలు పక్కపక్కన పెట్టి చదవమన్నాను. రెండింటిలో కెఫీన్ ఉన్నది! ఒక్కొక్కటి విడిగా హద్దులోనే ఉన్నా, కలిపితే మాత్ర ఇబ్బడి అవుతుంది. వైద్యునికి చూపకుండా ఏదీ కలపవద్దనీ, తప్పనిసరైతే ఒక్కొక్కటే, పోటీ లేని రోజున మొదలుపెట్టమనీ చెప్పాను. కొత్త సంయోగాన్ని పందెం రోజున పరీక్షించరాదు. హిక్స్ గెలిచాడు గదా అని ఎవరైనా అంటే, అతడు గీత ఎలా దాటాడో చెప్పండి.

స్వస్తి.